బేగంపేట స్టేషను: పెద్ద లైనులో చిన్న రైలు

విషయ ప్రవేశం

చరిత్ర పాఠం అనగానే మనకు కోటలు, శాసనాలు, ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మనం చదవబోయేది రెండు ప్లాట్‌ఫారాలున్న ఒక చిన్న రైల్వే స్టేషను గురించి. హైదరాబాదు నగరంలో పాత విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న బేగంపేట స్టేషను అది. మీలో కొందరు రోజూ అక్కడ రైలెక్కేవాళ్ళు కూడా ఉండవచ్చు. దూరవిద్యలో చదివేవారిలో చాలామంది పగలు ఉద్యోగం, రాత్రి పుస్తకం అన్న పద్ధతిలో నెట్టుకొస్తుంటారు కనుక, లోకల్ రైలు ఆలస్యమైతే ఎంత నష్టమో మీకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఆ ఆలస్యానికి కారణం వెతుక్కుంటూ వెళ్తే మనం 1874 దాకా పోవలసి వస్తుంది. ఈ పాఠంలోని వాదన అంతా దీని చుట్టూనే తిరుగుతుంది: బేగంపేట మీదుగా పోయే పట్టాలు వేసినప్పుడు రోజూ పనికి పోయి వచ్చే మనిషి ఎవరి లెక్కలోనూ లేడు. దాదాపు 130 సంవత్సరాల తరువాత అతని కోసం రైలు వచ్చింది గాని, విడిగా పట్టాలు రాలేదు. పరాయి ఇంట్లో అద్దెకు దిగినట్టుగా లోకల్ రైలు పెద్ద లైను మీద నడుస్తోంది. ఈ ఒక్క విషయం అర్థమైతే ఆ స్టేషనులో అందే సేవలూ అందని సేవలూ రెండూ అర్థమవుతాయి.

'సబర్బన్ రైలు', 'లోకల్ రైలు' అనే మాటలను ఈ పాఠంలో ఒకే అర్థంలో వాడుతున్నాం. నగరానికీ దాని శివార్లకూ మధ్య, కిలోమీటరుకో రెండు కిలోమీటర్లకో ఆగుతూ, పొద్దున తీసుకుపోయి సాయంత్రం తీసుకువచ్చే రైలు అది. దీనికి రిజర్వేషను ఉండదు. నెలవారీ సీజన్ టికెట్టే దీనికి ప్రాణం.

లష్కర్‌కు వచ్చిన రైలు

సికింద్రాబాదును పాతకాలపు వారు ఇప్పటికీ 'లష్కర్' అంటారు. లష్కర్ అంటే దండు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన ఈ ఊరు బ్రిటిష్ సైన్యం విడిది చేసిన కంటోన్మెంటు. బొల్లారం, తిరుమలగిరి దాకా బారకాసులు, కవాతు మైదానాలు విస్తరించాయి. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ పాలకులకు ఒక సంగతి బాగా తెలిసివచ్చింది. సైన్యం ఎంత ఉందన్న దానికంటే అది ఎంత వేగంగా కదలగలదన్నది ముఖ్యం.

1871 నాటికి బొంబాయి, మద్రాసు నగరాల మధ్య రైలు మార్గం రాయచూరు మీదుగా కలిసింది. ఆ మార్గం మీద ఉన్న వాడి నుంచి సికింద్రాబాదుకు సుమారు 190 కిలోమీటర్ల బ్రాడ్‌గేజ్ లైను 1874 అక్టోబరులో మొదలైంది. లైను కావాలని ఒత్తిడి తెచ్చినది బ్రిటిష్ ప్రభుత్వం, భారం మోసినది నిజాం ఖజానా. అప్పటి దివాను మొదటి సాలార్‌జంగ్ దీనికి డబ్బు సమకూర్చడానికి నానా తంటాలు పడవలసి వచ్చింది.

పటం తీసుకుని ఒకసారి చూడండి. రాజ్యానికి రాజధాని మూసీ ఒడ్డున ఉన్న హైదరాబాదు. కొత్తగా వచ్చిన ప్రధాన లైను మాత్రం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరంగా సాగి, లష్కర్ దగ్గర ఆగింది. నాంపల్లి వైపు వెళ్ళేది దాని నుంచి చీలిన పాయ. చార్మినార్ చుట్టూ ఉన్న జనం దృష్టితో చూస్తే ఇది తలకిందుల ఏర్పాటు. దండు దృష్టితో చూస్తే ఇంతకంటే సరైన ఏర్పాటు లేదు. బేగంపేట ఆ చీలికకు పడమటి పక్కన ఉంది. లింగంపల్లి వైపు నుంచి వచ్చే రైలు ఏదైనా, అది సికింద్రాబాదుకు వెళ్ళేదైనా నాంపల్లికి వెళ్ళేదైనా, బేగంపేట దాటిన తరువాతే దారి మారుతుంది. ఈ భౌగోళిక స్థితి తరువాత మనకు చాలా అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

బేగంపేట పేరు ఆసఫ్‌జాహీ కుటుంబంలో పుట్టి పైగా వంశానికి కోడలుగా వెళ్ళిన ఒక బేగంకు చెందిన జాగా నుంచి వచ్చిందని చెబుతారు. ఊరు ఎంతగా కంటోన్మెంటు నీడలో ఉండేదో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ గుర్తించింది 1897 ఆగస్టు 20న, ఈ పరిసరాల్లోనే. ఆయన సైనిక వైద్యుడు.

గ్యారంటీ ఎవరికి?

1883లో కథ కొత్త మలుపు తిరిగింది. ఉన్న లైనును తీసుకుని, దానిని వరంగల్లు మీదుగా తూర్పుకు పొడిగించడానికి లండనులో ఒక కంపెనీ ఏర్పడింది. దాని పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 'గ్యారంటీడ్' అన్న మాట దగ్గర ఆగండి. ప్రయాణికుడికి ఇచ్చిన హామీ కాదది. కంపెనీ పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీని 20 సంవత్సరాల పాటు నిజాం ప్రభుత్వం చెల్లిస్తుందన్న హామీ. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా వాటాదారు సొమ్ముకు ఢోకా లేదు. లోటు వస్తే పూడ్చేది హైదరాబాదు రాజ్య ప్రజలు కట్టిన పన్ను.

ఈ షరతులు ఏమిటో ప్రజలకు చెప్పాలని అదే సంవత్సరం హైదరాబాదులో ఆందోళన జరిగింది. దీనినే చాందా రైల్వే ఆందోళన అంటారు. హైదరాబాదు కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఇందులో ముఖ్యులు. అఘోరనాథ్‌ను ప్రభుత్వం రాజ్యం నుంచి బహిష్కరించింది. ఆయన సరోజినీ నాయుడు తండ్రి అన్నది మీకు తెలిసిన విషయమే. పోటీ పరీక్షల పుస్తకాలలో ఈ ఘట్టం ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. నిజానికి హైదరాబాదు రాజ్యంలో చదువుకున్నవారు ప్రభుత్వాన్ని బహిరంగంగా లెక్క అడిగిన తొలి సందర్భాలలో ఇదొకటి. వారు అడిగిన ప్రశ్న రైలు వద్దని కాదు. ఎవరి డబ్బుతో, ఏ షరతుల మీద, ఎవరి కోసం అన్నది వారి ప్రశ్న. ఇదే ప్రశ్నను 2003 రైలుకు, 2017 మెట్రోకు కూడా మనం వేసుకోవచ్చు.

కంపెనీ లైను 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. దానితో సింగరేణి బొగ్గుకు దారి దొరికింది. బేగంపేట పక్కనుంచి పోయే పట్టాలు ఇప్పుడు పశ్చిమ తీరాన్ని కృష్ణా డెల్టాతో కలిపే మార్గంలో భాగమయ్యాయి. ఈ శతాబ్దపు చివర్లో మరొక లైను కూడా వచ్చింది. మన్మాడ్ వైపు వేసిన హైదరాబాద్–గోదావరీ వ్యాలీ రైల్వే అది. అది మీటర్‌గేజ్. ఆ వ్యవస్థకు కేంద్రమైన కాచిగూడ స్టేషను 1916 నాటిది. బ్రాడ్‌గేజ్ బండి మీటర్‌గేజ్ పట్టాల మీదికి పోలేదు కనుక, ఒకే నగరంలో రెండు రైల్వేలు పక్కపక్కనే ఉండి కూడా చాలాకాలం కలవలేకపోయాయి. కాచిగూడ మీదుగా పోయే ఆ లైను బ్రాడ్‌గేజ్‌గా మారింది 1990ల దశకంలోనే. ఆ మార్పు జరగకపోతే లింగంపల్లిలో ఎక్కిన మనిషి ఫలక్‌నుమాలో దిగే అవకాశమే ఉండేది కాదు.

రైలు, బస్సు, విమానం: ఒకే గొడుగు కింద

1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. పేరులోని 'గ్యారంటీడ్' అన్న మాట పోయి, అది నిజాం స్టేట్ రైల్వే అయింది. తరువాత జరిగిన ఒక పనిని మన చరిత్ర పుస్తకాలు తగినంతగా పట్టించుకోలేదు. 1932 జూనులో ఈ రైల్వే తానే రోడ్డు రవాణా శాఖను ప్రారంభించి 27 బస్సులు నడిపింది. నేటి ఆర్టీసీకి పుట్టిల్లు అదే. కొంతకాలానికి విమాన సర్వీసుల వ్యవహారం కూడా రైల్వే చేతికి వచ్చింది. బేగంపేట విమానాశ్రయం కేంద్రంగా, నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంలో డెక్కన్ ఎయిర్‌వేస్ 1945లో ఏర్పడింది.

రైలు ఉన్నచోట బస్సు పోటీకి వచ్చి రైల్వే ఆదాయాన్ని తినకుండా చూసుకోవడమే ఇందులో మొదటి ఉద్దేశమని అనుకోవాలి. సామాన్యుడి సౌకర్యం తరువాతి మాట. అయినా ఫలితాన్ని గమనించండి. పట్టాలు, రోడ్డు, విమానం మూడింటి సమయపట్టికలనూ ఒకే సంస్థ చూసుకోగల పరిస్థితి ఈ నగరంలో ఒకప్పుడు నిజంగా ఉండేది.

1951లో అది విడిపోయింది. నవంబరులో నిజాం స్టేట్ రైల్వే భారతీయ రైల్వేలలోని సెంట్రల్ రైల్వేలో కలిసింది. బస్సుల శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి పోయి, 1958లో ఆర్టీసీ అయింది. 1953లో విమానాలు జాతీయమయ్యాయి. సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడినప్పటికి రైల్వే నిర్ణయాలు ఢిల్లీలోనూ, బస్సు నిర్ణయాలు రాష్ట్ర సచివాలయంలోనూ జరగడం స్థిరపడిపోయింది. నగరం మాత్రం ఈ ఇద్దరి మధ్యా పెరుగుతూ పోయింది. సనత్‌నగర్, బాలానగర్ కర్మాగారాలు, రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., లింగంపల్లి దగ్గర 1974లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇవన్నీ ఈ పాత లైనుకు అటూ ఇటూ వెలిశాయి. పట్టాలు పక్కనే ఉన్నా, వేలాదిమంది బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పనికి పోయేవారు.

ఇతర నగరాలతో పోలిస్తే ఈ ఆలస్యం ఎంతటిదో తెలుస్తుంది. బొంబాయిలో తొలి విద్యుత్ లోకల్ 1925 ఫిబ్రవరి 3న నడిచింది. మద్రాసు బీచ్ నుంచి తాంబరం వరకు 1931లో విద్యుత్ రైళ్ళు మొదలయ్యాయి. హైదరాబాదుకు ఆ భాగ్యం పట్టడానికి ఇంకా 70 సంవత్సరాలు పట్టింది.

2003 ఆగస్టు 9

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. నగరం పడమటి దిక్కుకు మళ్ళింది. సరిగ్గా ఆ దిక్కునే పాత వాడి లైను ఉంది. కొత్తగా భూమి సేకరించకుండా, ఉన్న పట్టాల మీదే విద్యుత్ లోకల్ రైళ్ళు నడపాలని రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించాయి. ఖర్చు సుమారు 178 కోట్ల రూపాయలు, చెరిసగం. దీనికి 'బహుళ విధ రవాణా వ్యవస్థ' అని పేరు పెట్టారు. ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలతో జనం నోట అది ఎంఎంటీఎస్ అయింది. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ దీనిని ప్రారంభించారు. 2004 ఫిబ్రవరిలో ఫలక్‌నుమా వరకు పొడిగించారు.

లింగంపల్లి నుంచి వచ్చే రైలు చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్ హాస్పిటల్ దాటి బేగంపేటకు వస్తుంది. అక్కడి నుంచి ఒక దారి సంజీవయ్య పార్కు, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాదుకు, రెండవది నెక్లెస్ రోడ్డు, ఖైరతాబాదు, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి పోతాయి. పైన గుర్తుంచుకోమన్న చీలిక ఇదే. 1874లో దండు అవసరం కోసం ఏర్పడిన ఆ కొమ్మ కారణంగా బేగంపేట, లోకల్ ప్రయాణికుడు బండి మారే చోటు అయింది. నాంపల్లి రైలు ముందు వస్తే అందులో ఎక్కి, బేగంపేటలో దిగి, సికింద్రాబాదు రైలు అందుకోవడం పడమటి వైపు ఉద్యోగులకు మామూలు.

పేరులోని 'బహుళ విధ' అన్న మాటకు మాత్రం న్యాయం జరగలేదనే చెప్పాలి. హైటెక్ సిటీ స్టేషనులో దిగినవాడికి ఆఫీసు ఇంకా కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి బస్సు రైలు వేళకు ఉండదు. ఆటో ఛార్జీ రైలు ఛార్జీకి ఎన్నో రెట్లు. 1932లో ఒకే సంస్థ నడిపిన రెండు వాహనాలు ఇప్పుడు ఒకదాని వేళ మరొకటి ఎరగనట్టు తిరుగుతున్నాయి. బేగంపేటలో ఇంకొక విచిత్రం ఉంది. లోకల్ రైలు వచ్చిన తొలి ఐదేళ్ళు స్టేషనుకు సమీపంలోనే నగర విమానాశ్రయం పనిచేస్తూ ఉండేది. 2008 మార్చిలో విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి. రైలూ విమానమూ పక్కపక్కన ఉన్న ఆ కొద్దికాలపు అవకాశం అలా ముగిసింది. నేటికీ లోకల్ రైలు శంషాబాదు విమానాశ్రయం లోపలికి పోదు, ఉందానగర్‌తో ఆగుతుంది.

ఒకే పట్టాల మీద రెండు వేగాలు

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. లోకల్ ఎందుకు ఆలస్యమవుతుంది, ఎందుకు తరచుగా రాదు? సిబ్బంది అలసత్వం అని చాలామంది సరిపెట్టుకుంటారు. లెక్క వేరేగా ఉంది.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వైపు వెళ్ళే పట్టా ఒకటే ఉంది. దాని మీద అన్ని స్టేషన్లలో ఆగే లోకల్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు 40 నిమిషాలు పడుతుంది. ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్‌కు 20 నిమిషాలు చాలు. రెండు రైళ్ళ మధ్య కనీసం 3 నిమిషాల ఎడం ఉండాలి. లోకల్ 8:00 గంటలకు బయలుదేరితే 8:40కి గమ్యం చేరుతుంది. దాని వెనుక వచ్చే ఎక్స్‌ప్రెస్ 8:43 కంటే ముందు అక్కడికి చేరకూడదు. అంటే అది 8:23 కంటే ముందు బయలుదేరకూడదు. దాని తరువాతి లోకల్‌కు 8:26కి గాని సిగ్నల్ దొరకదు. అన్నీ లోకల్ రైళ్ళే అయితే 3 నిమిషాలకు ఒకటి పంపగలిగిన పట్టా మీద, మధ్యలో ఒక్క ఎక్స్‌ప్రెస్ దూరినందుకు రెండు లోకల్ రైళ్ళ మధ్య 26 నిమిషాలు ఖాళీ వచ్చింది.

కాగితం, పెన్సిలు తీసుకుని ఈ లెక్కను మీరే గీసి చూడండి. అడ్డంగా సమయం, నిలువుగా దూరం. లోకల్‌కు ఒక వాలు గీత, ఎక్స్‌ప్రెస్‌కు దానికంటే నిటారుగా ఉన్న గీత వస్తాయి. రెండు గీతలు ఖండించుకోకూడదన్నదే నియమం. రైల్వే నియంత్రణ గదులలో సమయపట్టిక తయారయ్యేది ఇలాంటి పటం మీదే.

బేగంపేట మీదుగా ఎక్స్‌ప్రెస్‌లు ఒకటి రెండు కావు. ముంబై వైపు వెళ్ళే దూర రైళ్ళు, వికారాబాదు, తాండూరు ప్యాసింజర్లు, తాండూరు ప్రాంతపు సిమెంటు మోసే గూడ్సు బండ్లు అన్నీ ఆ పట్టాల మీదే పోవాలి. ఎక్స్‌ప్రెస్ ఎక్కడో గంట ఆలస్యమై, సరిగ్గా ఉదయం ఆఫీసు వేళకు నగరం పొలిమేరకు వచ్చిందనుకోండి. దానిలో వందల కిలోమీటర్లు ప్రయాణించి అలసిన జనం ఉన్నారు. లోకల్‌లో పది కిలోమీటర్లు పోయే జనం ఉన్నారు. కంట్రోలరు ఎవరిని ఆపుతాడు? సాధారణంగా లోకల్‌నే ఆపుతాడు. అతని స్థానంలో మీరున్నా బహుశా అదే చేస్తారు. తప్పు ఆ నిర్ణయంలో లేదు. ఆ నిర్ణయం తీసుకోక తప్పని పరిస్థితిని వదిలేయడంలో ఉంది.

ముంబై ఈ చిక్కును పట్టాలు పెంచి పరిష్కరించుకుంది. అక్కడ స్లో లోకల్‌కు వేరు పట్టాలు, ఫాస్ట్‌కు వేరు పట్టాలు ఉన్నాయి. దూర రైళ్ళకు కూడా చాలాచోట్ల విడిగా దారి ఏర్పరిచారు. హైదరాబాదు మొదటి దశలో కేవలం 178 కోట్లతో పని పూర్తి చేయడాన్ని అప్పట్లో చాలామంది మెచ్చుకున్నారు. ఆ చవకకు కారణం కొత్త పట్టాలు పెద్దగా వేయకపోవడమే. ఆదా అయిన డబ్బును ప్రయాణికుడు ఆనాటి నుంచి ప్లాట్‌ఫారం మీద నిరీక్షణ రూపంలో చెల్లిస్తున్నాడు.

చివరగా తిరిగి వచ్చిన రైలు

2017 నవంబరు 28న హైదరాబాదు మెట్రో మొదలైంది. బేగంపేటలో దానికీ ఒక స్టేషను ఉంది. మెట్రోకు సొంత పట్టాలు ఉన్నాయి, ఆకాశంలో. దాని దారిలోకి గూడ్సు బండి రాదు. కొద్ది నిమిషాలకు ఒక రైలు వస్తుంది. కాని ప్రారంభంలోనే దాని ఛార్జీ 10 రూపాయల నుంచి 60 రూపాయల వరకు ఉండేది. ఎంఎంటీఎస్‌లో కనీస ఛార్జీ 5 రూపాయలు, పైగా సీజన్ టికెట్ ఉంటుంది. దుకాణంలో పనిచేసే అమ్మాయికి, ఆసుపత్రిలో ఆయాకు, సెక్యూరిటీ గార్డుకు ఈ తేడా నెల తిరిగేసరికి చిన్నది కాదు.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా అన్నీ ఆగిపోయాయి. అవి తిరిగి మొదలైన క్రమం చూడండి. సెప్టెంబరు 7న హైదరాబాదు మెట్రో తిరిగి నడిచింది. అదే నెలలో సిటీ బస్సులు రోడ్డెక్కాయి. ముంబై లోకల్ అయితే అత్యవసర సిబ్బంది కోసం జూన్ 15నే మొదలైంది, కోల్‌కతా లోకల్ నవంబరు 11న వచ్చింది. హైదరాబాదు ఎంఎంటీఎస్ మాత్రం 2021 జూన్ 23న గాని పట్టాల మీదికి రాలేదు. అది కూడా రోజుకు 10 సర్వీసులతో. కోవిడ్‌కు ముందు ఉన్నవి 121. నగరంలో అన్నిటికంటే చవకైన వాహనం అన్నిటికంటే చివర వచ్చింది.

దీనికి ఆరోగ్య కారణం ఒక్కటే చాలదు, ఎందుకంటే అవే రోజుల్లో బస్సులు కిక్కిరిసి తిరిగాయి. ముంబైలో రోజుకు డెబ్బై లక్షలకు పైగా జనం లోకల్ మీద ఆధారపడతారు. అది ఆగితే ఆసుపత్రి, బ్యాంకు, మున్సిపాలిటీ అన్నీ ఆగుతాయి. హైదరాబాదులో లోకల్ ఆగితే దాని ప్రయాణికులు షేర్ ఆటోలో సర్దుకుంటారు, ఎక్కువ డబ్బు పెట్టి. నగరం ఆగదు. నగరాన్ని ఆపలేనివారి సేవ చివరి వరుసలో ఉండడం రవాణా చరిత్రలో కొత్త కాదు. అలా పోయిన ప్రయాణికులు కొందరు స్కూటరు కొనుక్కున్నారు, కొందరు మెట్రోకు మారారు, తిరిగి రాలేదు. జనం తగ్గారు గనుక సర్వీసులు తగ్గించడం, సర్వీసులు తగ్గాయి గనుక జనం ఇంకా తగ్గడం, ఈ చక్రం ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. మీ ఊరి పల్లెవెలుగు బస్సు ఎలా మాయమైందో గుర్తు తెచ్చుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది.

నేటి స్టేషను

బేగంపేట స్టేషను రూపం ఈ మధ్య మారింది. అమృత్ భారత్ స్టేషన్ల పథకం కింద సుమారు 26 కోట్ల రూపాయలతో పునర్నిర్మించిన భవనాన్ని 2025 మే 22న ప్రధానమంత్రి ప్రారంభించారు. తెలంగాణ నుంచి ఆ రోజు ఈ జాబితాలో ఉన్న మిగిలిన స్టేషన్లు కరీంనగర్, వరంగల్లు. ముఖద్వారానికి కాకతీయ శిల్పకళను అనుకరించే అలంకారం చేశారు. నిజాం డబ్బుతో, బ్రిటిష్ దండు కోసం వేసిన లైను మీద కాకతీయ తోరణం చరిత్ర విద్యార్థికి కొంచెం నవ్వు తెప్పించకపోదు. ప్రతి తరం తనకు నచ్చిన గతాన్ని గోడ మీద చెక్కుకుంటుంది.

అలంకారం కంటే ముఖ్యమైనది లోపలి పని. దక్షిణ మధ్య రైల్వే పూర్తిగా మహిళా సిబ్బందికి అప్పగించిన స్టేషన్లలో బేగంపేట ఒకటి. దండు కోసం పుట్టిన లైనులో, ఒక బేగం పేరున్న ఊళ్ళో ఇది సముచితంగానే ఉంది. ఇక్కడ లోకల్ రైళ్ళతో పాటు కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు కూడా ఆగుతాయి కనుక, పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతాల వారు సికింద్రాబాదు రద్దీలోకి పోకుండా ఇక్కడే బండి ఎక్కుతారు. టికెట్ కిటికీ దగ్గర వరుసలో నిలబడే పని లేకుండా ఫోనులోనే కొనుక్కోవచ్చు. కాని కొత్త భవనం రెండు రైళ్ళ మధ్య ఖాళీని ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. తగ్గించవలసింది భవనం కాదు, పట్టాలు.

ఆ దిశగా జరిగిన పని బేగంపేటకు దూరంగా జరిగింది. రెండవ దశ 2012–13లో మంజూరైనా, నిధుల వాటాల మీద వివాదాలు, రక్షణ శాఖ భూముల చిక్కుల వల్ల ఏళ్ళ తరబడి సాగింది. 2023 ఏప్రిల్ 8న మేడ్చల్, ఉందానగర్ వైపు 13 కొత్త సర్వీసులు మొదలయ్యాయి. 2024 మార్చి 5న సనత్‌నగర్–మౌలాలి లైను రెండు వరుసల విద్యుత్ మార్గంగా ప్రారంభమైంది. ఈ లైను గతంలో సికింద్రాబాదు రద్దీని తప్పించి గూడ్సు బండ్లను పంపడానికి వాడినది. ఇప్పుడు ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లి పోయే మనిషి నేరేడ్‌మెట్, అమ్ముగూడ, సుచిత్ర మీదుగా పోగలడు. అంటే లష్కర్‌ను గాని బేగంపేటను గాని తాకకుండా లోకల్ రైలులో నగరం దాటే దారి 150 ఏళ్ళకు ఏర్పడింది. దారి ఏర్పడింది గాని, దాని మీద రోజుకు నడిచే రైళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే.

అభ్యాసం

మీ ఇంటికి దగ్గరలోని రైల్వే స్టేషనును, లేదా బస్ స్టేషనును ఎంచుకోండి. ఒక పనిదినం ఉదయం 8 నుంచి 10 గంటల వరకు అక్కడ కూర్చుని, వచ్చిన ప్రతి బండి పేరు, సమయపట్టికలోని వేళ, నిజంగా వచ్చిన వేళ మూడు గడులలో రాసుకోండి. ఏ బండిని ఆపి ఏ బండిని ముందు పంపారో గుర్తించండి. తరువాత ఆ లైను లేదా ఆ రోడ్డు ఏ సంవత్సరంలో, ఎవరి ఖర్చుతో, ఏ సరుకు కోసం లేదా ఎవరి రాకపోకల కోసం వేశారో పెద్దవారిని అడిగి, జిల్లా గెజిటీరులో చూసి రెండు పేజీలు రాయండి. మీ సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు వెంట తెచ్చుకోండి. బండి ఆలస్యమై తరగతికి ఆలస్యంగా వస్తే, ఆ నిమిషాలను కూడా పట్టికలో చేర్చండి.